క్షయ చికిత్స: ఇల్లా? శానిటోరియమా?

క్షయరోగికి మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము కావలెననియు, అవి శానిటోరియములందే లభించుననియు వైద్యులు చాలకాలము నమ్మిరి. కాని మనదేశమున నాడు రోగులు లక్షలు; పడకలు వేలు మాత్రమే.

1956లో మదరాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఈ నమ్మకమును పరీక్షకు పెట్టెను. 193 మంది రోగులను, వైద్యుల ఇష్టముతో నిమిత్తము లేకుండ, చీట్లు వేసినట్లు రెండు జట్లుగా విభజించిరి. వ్యాధి స్వల్పముగా నున్నవారందరు ఒకే జట్టులో చేరినచో ఫలితము తారుమారగును గదా! ఒక జట్టు ఇంటివద్ద, రెండవది శానిటోరియములో, ఐసోనియాజిడ్, పి.ఏ.ఎస్. అను మందులనే ఒక సంవత్సరము పుచ్చుకొనెను.

ఇంటివద్ద నున్నవారికి తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినను ఏడాది చివరకు శానిటోరియము జట్టులో నూటికి 92 మందికి, ఇంటి జట్టులో 86 మందికి వ్యాధి అణగెను. ఇంటిలోని తక్కినవారికి వ్యాధి సోకుటయు హెచ్చలేదు. ఈ ఫలితములు 1959లో ప్రకటితమయ్యెను. రోగిని కాపాడునది ముఖ్యముగా మందే గాని పడక కాదని తేలెను.

అయితే ఇంటివద్ద రోగి మందు మానకుండ చూచుట యెట్లు? వారమునకు రెండుమార్లు రోగిని రప్పించి, సిబ్బంది యెదుటనే మందిచ్చు పద్ధతిని ఆ కేంద్రమే పరీక్షించి, ఫలితములను 1964లో ప్రకటించెను.