ధనుష్కోటి – బండి పోయాక మిగిలిన ఊరు

ప్రత్యేక సంచికకు రైల్వే చరిత్రకు సంబంధించినది ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగారు. ధనుష్కోటి అనగానే మన సభ్యులలో ప్రతివారికీ 653 నంబరు ప్యాసింజరు గుర్తుకు వస్తుంది. ఆ బండి సంగతి చెప్పక తప్పదు, చెబుతాను. కాని నేను ముఖ్యంగా రాయదలచినది ఆ బండి రాకముందూ, పోయిన తరువాతా అక్కడే ఉన్న జాలరుల గురించి. పత్రికలవాళ్ళు దానిని దెయ్యాల ఊరు అని రాస్తూ ఉంటారు. ఆ మాట నాకు మొదటినుంచీ నచ్చదు. అక్కడ మనుషులున్నారు.

పాంబన్ దీవి తూర్పు కొసన, రామేశ్వరానికి సుమారు 20 కి.మీ. దూరంలో, రెండు సముద్రాల మధ్య సన్నని ఇసుక తిప్ప మీద ఉంది ధనుష్కోటి. ఉత్తరాన పాక్ జలసంధి వైపు నీరు సాధారణంగా నిమ్మళంగా ఉంటుంది. దక్షిణాన మన్నారు సింధుశాఖ వైపు అల ఎక్కువ. అందుకే అక్కడివారు మొదటిదానిని ఆడ సముద్రమనీ, రెండవదానిని మగ సముద్రమనీ అంటారు. నైరుతి గాలులు వీచే నెలల్లో ఉత్తరపు ఒడ్డున వేట. ఈశాన్య ఋతుపవనాలు వచ్చి ఉత్తరం పోటెత్తితే వలలూ పడవలూ దక్షిణపు ఒడ్డుకు చేరతాయి. ఒకే ఊరికి రెండు కడళ్ళు ఉండడం అక్కడి జాలరులకు పెద్ద ఆస్తి. వాళ్ళ కథంతా ఈ సంగతి మీదనే నడిచింది.

ఇక మన శాఖ సంగతి. పాంబన్ వంతెన 1914 ఫిబ్రవరి 24న ప్రారంభమయింది. అంతకుముందు కొలంబో వెళ్ళేవారు తూత్తుకుడిలో ఓడ ఎక్కేవారు. వంతెన వచ్చాక మద్రాసు ఎగ్మూరులో ఎక్కిన బోట్ మెయిల్ ప్రయాణికుడు ధనుష్కోటి రేవులో దిగి, స్టీమరులో సుమారు 35 కి.మీ. దాటి, తలైమన్నారులో మళ్ళీ రైలెక్కేవాడు. మొత్తానికీ ఒకటే టిక్కెట్టు! పాంబన్ అప్పట్లో జంక్షను. ఒక లైను రామేశ్వరానికి, ఒకటి ధనుష్కోటికి. తేయాకు తోటల కూలీలూ, వర్తకులూ, సేతుస్నానానికి వచ్చే మన కాశీయాత్రికులూ ఆ దారినే పోయేవారు. స్టేషను, తపాలా ఆఫీసు, కస్టమ్సు, ఆసుపత్రి, చర్చి, బడి అన్నీ వెలిశాయి. అబ్దుల్ కలాం గారి తండ్రి రామేశ్వరం నుంచి ధనుష్కోటికి యాత్రికులను చేరవేయడానికి స్వయంగా పడవ కట్టారని కలాం గారి ఆత్మకథ చదివినవారికి తెలుసు. ఆ పడవా ఒక తుపానులోనే పోయింది.

1964 డిసెంబరు 22 రాత్రి. అండమాను దక్షిణాన పుట్టిన వాయుగుండం తుపానై సింహళం మీదుగా వచ్చింది. రాత్రి 11.55కు పాంబన్‌లో బయలుదేరిన 653 నంబరు ప్యాసింజరు, ధనుష్కోటి దగ్గరకు వచ్చేసరికి సిగ్నలు పడలేదు. డ్రైవరు కొంతసేపు ఆగి, ఈల వేసి ముందుకు కదిలాడు. ఉప్పెన ఆరు పెట్టెలనూ తీసుకుపోయింది. లెక్క ప్రకారం 110 మంది ప్రయాణికులు, 5 గురు మన సిబ్బంది. ఒక్కరూ మిగలలేదు. ఆ సంగతి బయటి ప్రపంచానికి తెలియడానికి రెండు రోజులు పట్టింది. ఈ తుపానులో ఇటూ అటూ తీరాలలో కలిపి 1,800 మందికి పైగా చనిపోయారు. మన దివిసీమ ఉప్పెన (1977) చూసినవారికి ఆ రాత్రి ఎలా ఉండి ఉంటుందో విడమరిచి చెప్పనక్కరలేదు.

పాంబన్ వంతెన 145 స్పాన్లలో 126 కొట్టుకుపోయాయి. ఓడల కోసం తెరుచుకునే నడిమి భాగం మాత్రం నిలిచింది. అప్పటికి యువ ఇంజనీరుగా ఉన్న ఇ. శ్రీధరన్ గారు సముద్రంలో పడిన గర్డర్లను తీయించి, 46 రోజులలో వంతెనను నిలబెట్టారు. మన శాఖ గర్వంగా చెప్పుకోవలసిన పని. అయితే లైను రామేశ్వరం దాకానే మళ్ళీ పడింది. ధనుష్కోటి లైను వేయలేదు. ఆ ఊరు నివాసయోగ్యం కాదని మద్రాసు ప్రభుత్వం ప్రకటించింది. వంతెనకు 46 రోజులు పట్టింది, ఊరిని వదిలేయడానికి ఒక్క ప్రకటన సరిపోయింది.

కాని జాలరులు తిరిగి వచ్చారు.

1992లో నేను పాస్ మీద సకుటుంబంగా రామేశ్వరం వెళ్ళాను. అప్పటికి మీటర్ గేజే. ముకుందరాయ చత్రం దాటితే రోడ్డు లేదు. చేపల లోడుకు పోయే వ్యానులో నీళ్ళలో, ఇసుకలో ఊగుతూ వెళ్ళాం. స్టేషను మొండిగోడలకు అవతల తాటాకు గుడిసెలు. ఒడ్డున అలివి వల లాగుతున్నారు. తాడు ఒక కొస ఒడ్డున కొందరి చేతిలో ఉంటుంది. పడవ చుట్టు తిరిగి రెండో కొస తెచ్చి ఇస్తుంది. రెండు జట్లు, ఆడవాళ్ళు కూడా, పదం అందుకుంటూ వల ఒడ్డుకు లాగుతారు.

నాకు వచ్చిన కొద్దిపాటి అరవంలో ఒక పెద్దాయనను, ఇంత జరిగాక ఎందుకు తిరిగి వచ్చారని అడిగాను. "అయ్యా, రామేశ్వరంలో ఒడ్డు వాళ్ళది. మా వల ఎక్కడ వేస్తాం? మా ఒడ్డు ఇది" అన్నాడు. అంతకు మించి ఏమీ చెప్పలేదు. వల వేసే చోటు మీద తరతరాల వాడుక హక్కు ఉంటుందని సముద్రపుటొడ్డున పుట్టిన మన మిత్రులకు తెలుసు. రెవిన్యూ కాగితాలలో దానికి గడి ఉండదు.

మా ఆవిడను ఆశ్చర్యపరచినది నీళ్ళు. సముద్రానికి నాలుగడుగుల దూరంలో ఇసుకలో చెలమ తవ్వి, అక్కడి ఆడవాళ్ళు చిప్పతో తోడి బిందెలు నింపుతున్నారు. తాగి చూశాం, తియ్యటి నీళ్ళు. వాననీరు తేలిక కనుక, ఇసుకలోని ఉప్పునీటి మీద తేలి ఉంటుంది. లోతుగా తవ్వితే ఉప్పు తగులుతుంది. అందుకే చేతులతోనే తవ్వుతారు.

వేట మటుకు మునుపటిలా లేదు. 1974, 1976 ఒప్పందాలతో సముద్రంలో సరిహద్దు గీత పడింది. తాతలు స్వేచ్ఛగా తిరిగిన నీళ్ళలో మనవలు పట్టుబడుతున్నారు. 1983 తరువాత అటువైపు నుంచి పడవల్లో పారిపోయి వచ్చిన తమిళులు ఎందరో ఈ తీరంలోనే దిగారు. 2022లో అక్కడ తిండికి కరువు వచ్చినపుడూ ఇక్కడికే వచ్చారు.

రెండోసారి 2018లో వెళ్ళాను. అంతకు ముందు ఏడాది జూలై 27న ముకుందరాయ చత్రం నుంచి కొసనున్న అరిచల్‌మునై దాకా 9.5 కి.మీ. రోడ్డు ప్రారంభమయింది. బస్సు సాఫీగా పోయింది. గుడిసెల ముందు వేపుడు చేపల బల్లలు, గవ్వలూ శంఖాల దుకాణాలు వెలిశాయి. పిల్లలకు బడి ఉంది. కరెంటు తీగ మాత్రం లేదు, సౌర దీపాలే. ఇళ్ళకు పట్టాలు లేవు. నివాసయోగ్యం కాదన్న చోట పట్టా ఎలా ఇస్తారు? రైలు పట్టాలు పోయాయి, ఇంటి పట్టాలు రాలేదు అని నాలో నేను అనుకున్నాను. దుకాణాలు తీసేస్తారేమోనన్న భయం కొందరి మాటల్లో వినిపించింది. రోడ్డు వేసింది చూడవచ్చేవారి కోసం కదా.

2019లో రామేశ్వరం–ధనుష్కోటి రైల్వే లైనుకు శంకుస్థాపన జరిగింది. బండి మాత్రం రాలేదు. 2025 ఏప్రిల్ 6న కొత్త పాంబన్ వంతెన మొదలయింది కనుక మన సభ్యులలో చాలామంది రామేశ్వరం ప్రయాణం తలపెడుతున్నారని విన్నాను. ధనుష్కోటి వెళితే ఉదయాన్నే వెళ్ళండి. గొడుగు తీసుకువెళ్ళండి, నీడ ఉండదు. మొండిగోడల దగ్గర ఫోటోలు తీసుకున్నాక, ఒడ్డుకు వెళ్ళి వల లాగేవారిని కాసేపు చూడండి. వాళ్ళ దగ్గరే చేపలు కొనండి. రాత్రి బస మటుకు కుదరదు. పొద్దు గూకకముందే పోలీసులు యాత్రికులందరినీ వెనక్కు పంపేస్తారు. ఆ తరువాత అక్కడ ఉండేది వాళ్ళే.