చుట్టూ వేల జంతువులు.. కానీ సింహం మాత్రం ఒక్కటే! జాంబియాలోని లియువా మైదానం గురించి తెలుసా?

ఆఫ్రికా సఫారీ అనగానే చాలామందికి గుర్తొచ్చేవి కెన్యాలోని మసాయి మారా, టాంజానియాలోని సెరెంగెటి. టీవీల్లో ఎక్కువగా కనిపించేవీ అవే. జాంబియా పశ్చిమ కొసన, అంగోలా సరిహద్దు దగ్గర ఉన్న లియువా ప్లెయిన్ నేషనల్ పార్క్ పేరు మాత్రం పెద్దగా వినిపించదు. అయితే ఈ మైదానంలో కొన్నేళ్ల పాటు ఒకే ఒక్క సింహం బతికింది. అదీ ఆడసింహం.

లియువా విస్తీర్ణం దాదాపు 3,400 చదరపు కిలోమీటర్లు. పెద్ద కొండలు, లోయలు ఏమీ ఉండవు. కనుచూపు మేరా గడ్డి, అక్కడక్కడా దీవుల్లా చెట్ల గుంపులు, అంతే. కింద ఇసుక నేల. వానలు ముదిరితే మైదానంలో చాలా భాగం నీళ్లలో మునిగిపోతుంది. నీళ్లతో పాటే కొంగలు, రకరకాల కొక్కెరలు వందల్లో దిగుతాయి.

ఏటా నవంబర్ ప్రాంతంలో తొలి వానలు పడగానే వైల్డ్‌బీస్ట్ మందలు వేలకు వేలుగా ఇక్కడికి వస్తాయి. ఇవి చూడ్డానికి ఎద్దుల్లా ఉంటాయి కానీ నిజానికి జింకల బంధువులు. ఆఫ్రికాలో సెరెంగెటి తర్వాత అతిపెద్ద వైల్డ్‌బీస్ట్ వలస ఇదేనని చెబుతారు. సెరెంగెటిలోలా జీపుల క్యూలు మాత్రం ఇక్కడ కనిపించవు.

ఈ అడవికి కాపలా ఈనాటిది కాదు. 1880ల్లోనే లోజీ ప్రజల రాజు లెవానికా దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడి జనానికే కాపలా బాధ్యత అప్పగించారు. ఒక రాజు నేలలో గుచ్చిన చేతికర్రే పెరిగి పెద్ద చెట్టయిందని స్థానికులు ఓ కథ కూడా చెబుతారు. 1972లో నేషనల్ పార్క్ అయింది. అయినా ఊళ్లను ఖాళీ చేయించలేదు. ఇప్పటికీ పార్కు లోపల వేల మంది ఉంటున్నారు, చేపలు పట్టుకుంటారు, పశువులు మేపుకుంటారు.

ఇంత పాత కాపలా కూడా 1990ల్లో పనిచేయలేదు. సరదా వేట, దొంగ వేట కలిసి సింహాలను తుడిచిపెట్టేశాయి. మిగిలింది ఒక్కటే. దానికి 'లేడీ లియువా' అని పేరు పెట్టారు. సింహాలు లేకపోవడంతో మైదానం హైనాల రాజ్యమైంది. పిలిస్తే పలికే మరో సింహం లేక, అది మనుషుల క్యాంపుల దగ్గరికి వచ్చి పడుకునేది. మనుషులను ఏమీ చేసేది కాదు. చనిపోయిన ఓ స్త్రీ ఆత్మే ఇలా తిరిగొచ్చిందని ఊళ్లవాళ్లు నమ్మారు.

2003లో పార్కు నిర్వహణను 'ఆఫ్రికన్ పార్క్స్' సంస్థ చేపట్టింది. 2009లో కాఫూ నేషనల్ పార్క్ నుంచి రెండు మగసింహాలను తెచ్చి వదిలారు. తోడు దొరికింది కానీ లేడీ లియువాకు పిల్లలు పుట్టలేదు. దాంతో 2011లో రెండు కుర్ర ఆడసింహాలను కూడా తెచ్చారు. వాటిలో ఒకటి ఉచ్చులో చిక్కి చనిపోయింది. రెండోది అంగోలా వైపు పారిపోయింది! దాన్ని పట్టుకొచ్చి, లేడీ లియువాతో కలిపి ఒకే ఆవరణలో ఉంచారు. మొదట్లో ఎలా ఉన్నా తర్వాత రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. ఆ చిన్నదానికి పిల్లలు పుట్టడంతోనే లియువాలో మళ్లీ సింహాల గుంపు మొదలైంది. లేడీ లియువా 2017లో సహజంగానే కన్నుమూసింది.

అంటే ఇప్పుడున్న గుంపులో దాని రక్తం లేదు. అయినా లియువా సింహాలు అనగానే అక్కడివాళ్లు ముందు చెప్పేది దాని పేరే. గేదెజాతి బఫెలోలను, ఎలాండ్ అనే భారీ జింకలను కూడా బయటి నుంచి తెచ్చి ఇక్కడ వదిలారు. ఉచ్చుల బెడద మాత్రం పూర్తిగా పోలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి కలాబో పట్టణం మీదుగా. అక్కడి నుంచి లోపలికి ఇసుక బాటలే కాబట్టి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరి. వైల్డ్‌బీస్ట్ మందలు చూడాలంటే నవంబర్, డిసెంబర్ నెలలు బెస్ట్. ఆ తర్వాత వరద పెరిగితే బండ్లు కదలడం కష్టం.