యాభై రూపాయల టీకా

తొంభైల చివర్లో బడికెళ్ళినవాళ్ళలో చాలామందికి హెపటైటిస్-బి క్యాంపులు గుర్తుండే ఉంటాయి. చొక్కా చెయ్యి పైకి మడిచి లైన్లో నిలబడటం, మూడు డోసుల కార్డు ఇంట్లో ఎక్కడో పారేసుకోవడం. ఆ క్యాంపులు అప్పుడే ఎందుకొచ్చాయి? రోగం కొత్తది కాదు. టీకా కూడా కొత్తది కాదు. ఈస్ట్‌లో తయారుచేసే టీకాకి అమెరికాలో 1986లోనే అనుమతి దొరికింది. మనకది దిగుమతి సరుకు. ఒక్కో డోసు వందల రూపాయలు. మూడు డోసులు, ఇంట్లో నలుగురు మనుషులు - లెక్క వేసుకోండి.

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. 1992లో జెనీవాలో ఒక సదస్సులో ఈ జబ్బు గురించి విన్నారు. టెక్నాలజీ అమ్మమని అడిగితే ఒక విదేశీ సంస్థ చులకన చేసి మాట్లాడిందని, ఆ అవమానమే తనని ఇటు తోసిందని ఆయన చాలాసార్లు చెప్పుకున్నారు. 1993లో తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. స్టార్టప్ అనే మాట అప్పటికింకా మన నోళ్ళలో పడలేదు. ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు. ప్రయోగాలకి చోటు మొదట ఉస్మానియా యూనివర్సిటీలో, తర్వాత సీసీఎంబీలో దొరికింది. (తర్వాతి రోజుల్లో ‘హాసం’ పత్రిక నడిపింది కూడా ఈయనే.)

వైరస్ పైపొరలో ఉండే ప్రొటీన్ తాలూకు జన్యువుని ఈస్ట్‌లోకి ఎక్కిస్తే, అది పెరుగుతూ ఆ ప్రొటీన్‌ని చేసిపెడుతుంది. వీళ్ళు ఎంచుకున్న రకం పిచియా పాస్టోరిస్. మిథనాల్ తిని దట్టంగా పెరుగుతుంది, దిగుబడి ఎక్కువ. అందులోంచి ప్రొటీన్‌ని శుద్ధంగా బయటికి తీయడమే అసలు తంటా. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికే తప్ప వస్తువుకి పేటెంట్ ఇవ్వకపోవడం కలిసొచ్చింది. వీరగాథ చెప్పుకునేటప్పుడు మనం ఈ చట్టం సంగతి ఎందుకో ఎత్తం.

1997 ఆగస్టులో శాన్‌వ్యాక్-బి వచ్చింది, డోసు 50 రూపాయలు. మరుసటి ఏడాది భారత్ బయోటెక్ టీకా.

ధర దిగింది సరే. కానీ ఈ వైరస్ తల్లి నుంచి కాన్పు సమయంలోనే బిడ్డకి సోకుతుంది. అలా సోకిన పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికి అది జీవితాంతం ఉండిపోతుంది. కొందరికి సిరోసిస్, లివర్ క్యాన్సర్ దాకా పోతుంది. పెద్దయ్యాక సోకితే చాలామందిలో దానంతటదే తగ్గిపోతుంది. అంటే మొదటి డోసు పడాల్సింది పుట్టిన 24 గంటల్లోపు, కాన్పు గదిలో. బడి క్యాంపు ఆ గది దాకా వెళ్ళలేదు. 50 రూపాయలు ఉన్న చోటికే వెళ్ళింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఈ టీకాని ఆమోదించింది. దాంతో యూనిసెఫ్ ద్వారా వేరే దేశాల పిల్లలకి వెళ్ళే దారి తెరుచుకుంది. మన ప్రభుత్వం ఆ రోజుల్లోనే కొన్నిచోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, దేశమంతటా ఉచిత టీకాల పట్టికలో చేర్చేసరికి 2011. పద్నాలుగేళ్ళు. ఈలోపు 2009లో కంపెనీయే సనోఫీ చేతికి వెళ్ళిపోయింది.

ఇది చదువుతున్నవాళ్ళలో చాలామంది ఆ పద్నాలుగేళ్ళలోనే పుట్టి ఉంటారు. మీ మొదటి డోసు ఎప్పుడు వేయించారో, డబ్బులు ఎవరిచ్చారో అమ్మని ఒకసారి అడిగి చూడండి.