కలివికోడి జాడ

వన్యప్రాణి శాస్త్రము కళాశాలలలోనే పుట్టునని తలంపరాదు. కడప మండలపు కలివికోడి కథయే యిందులకు నిదర్శనము.

1848లో శాస్త్రగ్రంథముల కెక్కిన యీ పక్షి 1900 తరువాత పండితుల కంటబడలేదు. నశించినదనియే పలువురు తలచిరి. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పరిశోధకుడు భరత్ భూషణ్ సిద్ధవటము ప్రాంతమున స్థానికుల నడుగుచు వెదకుచుండగా, రెడ్డిపల్లె వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టి తెచ్చెను. పండితులు 86 ఏండ్లు కానని పక్షిని పల్లెవారు పేరు పెట్టి పిలుచుచునే యుండిరి!

పిమ్మట పరిశోధక విద్యార్థులు ఈ రాత్రిసంచారి తిరుగు తావులలో మెత్తని మట్టి పరచి, తెల్లవారి అడుగుజాడలను పరీక్షించిరి. 2005లో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఆ పొదల నేలను తాకగా, వారి పరిశోధనయే సాక్ష్యమయ్యెను. కాలువ దారి మార్చబడెను.

రావిర్యాలవలె చెరువుగల గ్రామముల పెద్దలకును ఇందు పని కలదు. ఏ పిట్ట యే ఋతువున వచ్చెడిదో, ఏది రాక మానెనో మీరెరుగుదురు. ఆ మాట వ్రాతకెక్కనిచో మన తరముతోనే పోవును. జాడ నడుగుచు విద్యార్థి వచ్చినపుడు అరుగుపై కూర్చుండబెట్టి చెప్పుడు.