బండి కదలాలంటే

రాత్రి ఏడు దాటింది. జిగణి పారిశ్రామికవాడలో నీ షెడ్డు. చేతులు కూలెంట్ వాసన కొడుతున్నాయి. బయట టాటా ఏస్ నిండా ఫ్లాంజ్‌లు. నీ సరుకు కాదు. హోసూరు కంపెనీ క్యాస్టింగులు పంపితే టర్నింగ్, డ్రిల్లింగ్ చేసి తిరిగి పంపుతున్నావు. పొద్దున షిఫ్టుకు అందాలి.

"అన్నా, ఈ-వే బిల్లు వచ్చిందా?" డ్రైవరు తొంగిచూస్తాడు. కుప్పం కుర్రాడు.

వివరాలు కొడతావు. తెర మీద ఒకటే మాట. బ్లాక్.

వరసగా రెండు నెలల జీఎస్‌టీ 3బి రిటర్నులు ఆగాయి. అందుకే. వేయకూడదని కాదు, పన్ను మొత్తం కట్టందే 3బి తీసుకోదు. ఈ నెల ఇన్‌వాయిస్ రాస్తే వచ్చే నెల 20 లోపు పన్ను కట్టాలి. ఆ ఇన్‌వాయిస్ డబ్బు నీకు ముట్టిందా అని ఎవరూ అడగరు. కంపెనీ మూడు నెలలకు గానీ ఇవ్వదు. చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లో చెల్లించాలని 2006 చట్టం ఉంది. ఫిర్యాదు పెట్టావా, వచ్చే ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. చేతికి రాని సొమ్ము మీద పన్ను. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ, రోజుకు 50 రూపాయల రుసుము. ఇది అన్యాయం. ఇంకో మాట లేదు.

కంపెనీకి ఫోన్ చేస్తావు. "సార్, బిల్లు మీరే తీయండి."

"చూశామండీ. మీ జీఎస్‌టీ నంబరు దగ్గరే ఆగుతోంది."

బిల్లు లేకుండా పంపేస్తే? అత్తిబెలె దాటితే తమిళనాడు. 2017లో పన్ను చెక్‌పోస్టులు పోయాయి, తనిఖీ బండ్లు పోలేదు. పట్టుకుంటే సరుకూ ఆగుతుంది, బండీ ఆగుతుంది.

ఎనిమిదైంది. డ్రైవరు ఇంజిన్ స్టార్ట్ చేశాడు. "అన్నా, పోనా?"

ఆగమంటావు.

బ్యాంకులో శనివారం జీతాల డబ్బుంది. పాత నెల ఒక్కటి కట్టినా ముడి విడుతుంది. కట్టాలా?

కడతావు. 3బి వేస్తావు. ఈ-వే పోర్టల్‌లో బ్లాక్ స్టేటస్ అప్‌డేట్ నొక్కుతావు. చక్రం తిరుగుతుంది. ఆగుతుంది. మళ్లీ నొక్కుతావు.

తెరుచుకుంది.

బిల్లు నంబరు డ్రైవరు ఫోన్‌కు పంపుతావు. బండి వెళ్లింది. ఇప్పుడు లోపలికెళ్లి, జీతాలు ఈ శనివారం కాదని ఆపరేటర్లకు చెప్పాలి.