బ్యాకప్ రీస్టోర్ చేస్తుంటే మెమరీ ఎర్రర్ వస్తోందా? ముందు ఇవి చూడండి

వెబ్‌సైట్ వార్తలు, దుకాణం లెక్కలు, స్కూల్ ఫీజుల వివరాలు చాలాచోట్ల మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోనే ఉంటాయి. సర్వర్ మార్చినప్పుడో, సైట్ పాడైనప్పుడో బ్యాకప్ ఎక్కిస్తుంటే మెమరీ ఎర్రర్ వచ్చి పని మధ్యలో ఆగిపోతుంది. బ్యాకప్ పోయిందని కంగారు పడొద్దు. ఫైల్ బాగానే ఉండి, ఏదో ఒక పరిమితి అడ్డుపడటమే ఎక్కువగా జరుగుతుంది.

పాత డేటా మీద ఎక్కించొద్దు

మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో తీసిన ఫైల్‌లో, ఒక్కో టేబుల్‌ను సృష్టించే ముందు అదే పేరున్న పాత టేబుల్‌ను తీసేయమనే ఆదేశం మామూలుగానే ఉంటుంది. నడుస్తున్న డేటాబేస్ మీద ఎక్కిస్తూ మధ్యలో ఆగితే పాతది పోతుంది, కొత్తది సగమే వస్తుంది. అందుకే ముందు కొత్త ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కించాలి. ఫైల్ మొదట్లో ‘యూజ్’ అనే ఆదేశంతో పాత డేటాబేస్ పేరు ఉంటే, కొత్తది ఎంచుకున్నా డేటా పాతదానిలోకే పోతుంది. అది కూడా చూసుకోవాలి. ఫైల్ చివర ‘డంప్ కంప్లీటెడ్’ అనే వరుస లేకపోతే డౌన్‌లోడ్ మధ్యలో తెగిందేమోనని అనుమానించాలి.

ఏ ఎర్రర్‌కు ఏం చేయాలి?

1. ‘అలౌడ్ మెమరీ సైజ్ ఎగ్జాస్టెడ్’: ఇది పీహెచ్‌పీ పెట్టిన పరిమితి. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు కనిపిస్తుంది. ఎర్రర్‌లో 134217728 బైట్లు అని ఉంటే అది 128 ఎంబీ. సర్వర్‌లో ర్యామ్ ఖాళీగా ఉన్నా ఈ గీత దాటనివ్వదు. పీహెచ్‌పీ సెట్టింగుల్లో మెమరీ లిమిట్‌ను 256 లేదా 512 ఎంబీకి పెంచొచ్చు. అప్‌లోడ్ సైజు మామూలుగా 2 ఎంబీ, పోస్ట్ సైజు 8 ఎంబీ ఉంటాయి కాబట్టి వాటినీ పెంచాలి. పెద్ద ఫైల్‌కైతే బ్రౌజర్ వదిలేసి కమాండ్ లైన్‌లో ఎక్కించడమే మేలు. అక్కడ ఫైల్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి తీసుకోదు, ఒక్కో ఆదేశాన్నే చదువుతూ పోతుంది.

2. ‘ప్యాకెట్ బిగ్గర్ దేన్ మ్యాక్స్ అలౌడ్ ప్యాకెట్’: ఫొటో, పీడీఎఫ్ లాంటివి డేటాబేస్‌లోనే దాచితే ఒక్క ఆదేశమే చాలా పెద్దదవుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఈ పరిమితి సర్వర్‌కు 64 ఎంబీ, క్లయింట్‌కు 16 ఎంబీ. రెండుచోట్లా పెంచాలి. గరిష్ఠం 1 జీబీ. ‘సర్వర్ హ్యాజ్ గాన్ అవే’ అని వచ్చినా దీన్ని ఒకసారి చూడాలి.

3. మైఎస్‌క్యూఎల్ దానంతటదే ఆగిపోతే: ర్యామ్ నిజంగానే చాలక లైనక్స్ దాన్ని ఆపేసి ఉండొచ్చు. సిస్టమ్ లాగ్‌లో ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే కారణం ఇదే. ఇన్నోడీబీ బఫర్ పూల్ ఎంత పెట్టారో చూడాలి. 1 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్‌లో దానికే 800 ఎంబీ ఇస్తే మిగతా పనులకు చోటుండదు. దాన్ని తగ్గించి, అవసరం లేని ప్రోగ్రామ్‌లు ఆపి, స్వాప్ ఫైల్ జోడించి మళ్లీ ప్రయత్నించాలి.

ఎక్కిన తర్వాత

టేబుళ్లు అన్నీ వచ్చాయా, చివరి ఎంట్రీలు ఉన్నాయా చూడాలి. తెలుగు, ఉర్దూ అక్షరాల బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే అది మెమరీ లోపం కాదు, క్యారెక్టర్ సెట్ తేడా. యూటీఎఫ్8ఎంబీ4 పెట్టి మళ్లీ ఎక్కించాలి. అన్నీ సరిపోయాకే సైట్‌ను కొత్త డేటాబేస్‌కు మార్చాలి. పాతదాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచడం మంచిది.