ఆశ్వాసాంత గద్య నుండి హెడింగ్ స్టైల్ వరకు: తెలుగు గ్రంథాలలో విభాగ సంఖ్యా విధానం

తెలుగు కావ్యంలో ఆశ్వాస సంఖ్య ప్రధానంగా ఆశ్వాసం చివర ఉంటుంది. కృతిపతి సంబోధనతో మొదలై, మళ్లీ అదే సంబోధనతో ముగింపుకు వచ్చిన ఆశ్వాసం చివర కవి ఒక గద్య చేరుస్తాడు. అందులో తన వంశం, తండ్రి పేరు, తన బిరుదులు, గ్రంథ నామం చెప్పి, ఇది ఎన్నవ ఆశ్వాసమో ప్రకటిస్తాడు. ఆ సంఖ్య అంకెలో ఉండదు. ప్రథమ, ద్వితీయ, తృతీయ అని సంస్కృత పూరణవాచకంగా ఉంటుంది. మనుచరిత్ర, వసుచరిత్ర, ఆముక్తమాల్యద ఆరేసి ఆశ్వాసాల కావ్యాలు. శృంగారనైషధం, కళాపూర్ణోదయం ఎనిమిదేసి ఆశ్వాసాలవి. ఈ విభాగాలన్నింటి హద్దులనూ గుర్తించినది ఆ గద్యే. నేటి పరిశోధక విద్యార్థి కంప్యూటరులో హెడింగ్ స్టైల్‌ను ఎంచుకొని అధ్యాయ శీర్షిక పెట్టినప్పుడు, సంఖ్య దానంతటదే శీర్షికకు ముందు వచ్చి చేరుతుంది. ఈ రెండు స్థితుల మధ్య జరిగిన మార్పు సంఖ్య చోటు మారడం మాత్రమే కాదు. గద్యలోని సంఖ్య కవి వాక్కు, గ్రంథ పాఠంలో భాగం. స్టైల్ ఇచ్చిన సంఖ్య గ్రంథ పాఠం కాదు. అది ఒక లెక్క ఫలితం. ఈ భేదం గుర్తించని చోట తెలుగు గ్రంథ పరిష్కరణకు నేడు చిక్కులు ఏర్పడుతున్నాయి.

తాళపత్ర ప్రతిలో స్థలం విలువైనది. పదాల మధ్య ఎడం లేకుండా, పాదానికి ఒక పంక్తి అన్న నియమం లేకుండా లేఖకుడు ఏకధాటిగా రాసుకుపోయేవాడు. అటువంటి ప్రతిలో పద్యం ఎక్కడ మొదలైందో చెప్పడానికి అక్షరాల పరిమాణం గాని, ఖాళీ జాగా గాని తోడ్పడవు. ఆ పని చేసినవి 'క', 'సీ', 'ఉ', 'చ', 'వ' అన్న పొడి అక్షరాలు. 'క' అన్న గుర్తు ఆ పద్యం ఎలా కనిపించాలో చెప్పదు. అది ఏమిటో చెబుతుంది. చదివేవాడు దానిని చూసి గణాలు సరిచూసుకొని పాదాలు విరుచుకొంటాడు. పాఠ్యభాగం రూపాన్ని కాక దాని జాతిని గుర్తించి, రూపనిర్ణయాన్ని తర్వాతి దశకు వదిలిపెట్టే ఈ పద్ధతికి ఇరవయ్యో శతాబ్దంలో ముద్రణ సాంకేతికులు వేరే పేర్లు పెట్టారు. అంతమాత్రాన మన లేఖకులు కంప్యూటరును ఊహించారని చెప్పనక్కరలేదు. ఒకే అవసరం రెండు చోట్ల ఒకే రకమైన ఉపాయాన్ని పుట్టించింది.

శాస్త్ర గ్రంథాల దారి వేరు. పాణిని అష్టాధ్యాయిలో ఎనిమిది అధ్యాయాలు, ఒక్కొక్క దానిలో నాలుగు పాదాలు, పాదంలో సూత్రాలు. నేడు 8.2.1 అని రాస్తే ఏ అధ్యాయం, ఏ పాదం, ఏ సూత్రమో వెంటనే తెలుస్తుంది. ఆ సూత్రం చేసే పని మరీ విశేషమైనది: అక్కడి నుండి చివరి వరకు ఉన్న సూత్రాల కార్యం ముందున్న సూత్రాల దృష్టిలో జరగనట్లే లెక్క. అంటే ఆ శాస్త్రంలో క్రమమే అర్థం. ఒక సూత్రాన్ని జరిపితే వ్యాకరణమే మారిపోతుంది. అధికార సూత్రం తన కింద ఉన్న సూత్రాలన్నింటిపై ప్రసరించడం, పై సూత్రంలోని పదం కింది సూత్రానికి అనువృత్తమవడం కూడా శీర్షికకూ దాని కింది పాఠానికీ ఉండే సంబంధం వంటివే. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలై ప్రకీర్ణక పరిచ్ఛేదంతో ముగిసే పది పరిచ్ఛేదాల గ్రంథం. ప్రతి పరిచ్ఛేదంలోనూ సూత్ర సంఖ్య మళ్లీ ఒకటి నుండి ప్రారంభమవుతుంది. అందుకే 'బాల. సంధి. 1' అని పరిచ్ఛేద నామంతో కలిపి ఉదాహరించడం మన వ్యాసాలలో ఆనవాయితీ అయింది. పై విభాగం మారగానే కింది లెక్క సున్నకు చేరి మళ్లీ మొదలుకావడం అన్న ఈ నియమమే నేటి స్వయంచాలక సంఖ్యా విధానానికి మూలసూత్రం.

ముద్రణ వచ్చిన తర్వాత సంఖ్య పైకి చేరింది. పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి.బ్రౌన్ వంటివారు వ్రాతప్రతులను సేకరించి, పోల్చి, పరిష్కరించి అచ్చుకు సిద్ధం చేసిన కాలం నుండి పద్యకావ్య ముద్రణ విస్తరించింది. కందుకూరి వీరేశలింగం రాజశేఖర చరిత్రము 1880లో పుస్తకంగా వెలువడేనాటికి వచన గ్రంథం 'ప్రకరణము'గా విభజన పొంది, ఆ పేరు విభాగం తలమీద నిలిచింది. చదివేవాడు మొదటి నుండి వినే శ్రోత కాక, కావలసిన పుటకు నేరుగా వెళ్లే పాఠకుడయ్యాడు. విషయసూచిక అతని కోసం పుట్టినదే. అచ్చుకూటంలో విషయసూచికను చివర కూర్చవలసి వచ్చేది. పుటల సంఖ్యలు తేలేదాకా దానిని కూర్చడం సాధ్యం కాదు. అచ్చుకూర్పరి చేసిన ఈ చివరి పనిని యంత్రానికి అప్పగించడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

ఆ అప్పగింతకు పూర్వరంగం అమెరికాలో, కెనడాలో జరిగింది. 1967 సెప్టెంబరులో కెనడా ప్రభుత్వ ముద్రణ కార్యాలయంలో జరిగిన సమావేశంలో విలియం టనిక్లిఫ్ పత్రంలోని సమాచారాన్ని దాని రూపం నుండి వేరుచేయాలని ప్రతిపాదించాడు. 1969లో ఐబీఎం సంస్థలో చార్లెస్ గోల్డ్‌ఫార్బ్, ఎడ్వర్డ్ మోషర్, రేమండ్ లోరీ కలిసి ఆ ఆలోచనకు ఒక గుర్తుల భాషను రూపొందించారు. వారి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతోనే దానికి జీఎంఎల్ అన్న పేరు వచ్చింది. 'ఇది పెద్ద అక్షరాలలో, నడిమధ్యన' అని చెప్పే ఆజ్ఞ స్థానంలో 'ఇది అధ్యాయ శీర్షిక' అని చెప్పే గుర్తు వచ్చింది. 1986లో అంతర్జాతీయ ప్రమాణమైన ఎస్‌జీఎంఎల్ దీని సంతానమే. 1980లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో బ్రయన్ రీడ్ తన సిద్ధాంత వ్యాసంగా సమర్పించిన స్క్రైబ్, ఆ తర్వాత డొనాల్డ్ క్నూత్ టెక్ వ్యవస్థపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన లేటెక్ అధ్యాయ సంఖ్యలను, విషయసూచికను తామే కూర్చగలిగాయి. లేటెక్ పని తీరులో పాత అచ్చుకూటం పోలిక ఒకటి ఉంది. మొదటిసారి నడిచినప్పుడు అది శీర్షికలను, పుటల సంఖ్యలను ఒక సహాయక ఫైలులో రాసుకొంటుంది. రెండవసారి నడిచినప్పుడు దానిని చదివి విషయసూచికను నింపుతుంది. సూచిక చివరనే తయారవుతుందన్న నియమం యంత్రానికీ తప్పలేదు.

సామాన్య రచయితకు ఇవేవీ నేరుగా అందలేదు. జిరాక్స్ పరిశోధన కేంద్రంలో బ్రావో అనే ఎడిటర్ రూపకల్పనలో పాల్గొన్న చార్లెస్ సిమోనీ 1981లో మైక్రోసాఫ్ట్‌కు వెళ్లాడు. ఆ సంస్థ 1983లో విడుదల చేసిన వర్డ్ తొలి రూపంలోనే స్టైల్ షీట్ ఉంది. నేటి వర్డ్‌లో హెడింగ్ 1 నుండి హెడింగ్ 9 వరకు తొమ్మిది అంతస్తుల శీర్షికలున్నాయి. వాటిని బహుళ అంతస్తుల జాబితాకు జోడిస్తే అధ్యాయానికి 3, అందులోని విభాగానికి 3.2, ఉపవిభాగానికి 3.2.1 అన్న సంఖ్యలు వాటంతటవే వస్తాయి. మధ్యలో ఒక అధ్యాయం చేర్చినా తీసివేసినా మిగిలినవన్నీ సర్దుకొంటాయి. విషయసూచిక ఈ స్టైల్ ఉన్న పేరాలనే ఏరుకొంటుంది. శీర్షికను చేత్తో లావుచేసి, సంఖ్యను చేత్తో టైపు చేసిన పేరాను అది మామూలు పేరాగానే చూస్తుంది.

తెలుగులో రాసేవారికి ఇక్కడ కొన్ని ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. డెస్క్‌టాప్ ముద్రణ తెలుగులో వ్యాపించిన కాలంలో పేజ్‌మేకర్ వంటి సాధనాలలో వాడిన ఫాంట్లు తెలుగు అక్షర ఖండాలను ఆంగ్ల అక్షరాల స్థానాలలో నిలిపినవి. యంత్రం దృష్టిలో అది తెలుగు కాదు. అయినా పేరాకు స్టైల్ పెట్టడానికి అది అడ్డుకాదు, ఎందుకంటే స్టైల్‌కు అక్షరంతో పనిలేదు. స్టైల్ వాడని ఫైలును ఇప్పుడు యూనికోడ్‌కు మార్చితే అక్షరాలు దక్కుతాయి గాని, శీర్షిక మామూలు పేరాలలో కలిసిపోతుంది. లిపి మార్పిడిని గురించి జరిగినంత చర్చ ఈ నష్టాన్ని గురించి జరగలేదు.

యూనికోడ్‌కు చేరినా సమస్య పూర్తిగా తీరదు. వర్డ్ తెలుగును సంక్లిష్ట లిపిగా లెక్కిస్తుంది. ఒకే స్టైల్‌లో లాటిన్ అక్షరాలకు ఒక ఫాంటు, ఒక పరిమాణం, ఒక లావు ఉంటే సంక్లిష్ట లిపికి వేరుగా మరొక ఫాంటు, పరిమాణం, లావు ఉంటాయి. మొదటి దానిని మాత్రమే మార్చిన రచయితకు తెలుగు శీర్షిక మారకుండా ముందున్న అంకె మాత్రం పెరిగి కనిపిస్తుంది. యంత్రం చెడిందనుకొని అతడు స్టైల్‌ను వదిలి మళ్లీ చేతి పనికి దిగుతాడు. తెలుగు సిద్ధాంత గ్రంథాలలో చేత్తో వేసిన సంఖ్యలు నిలిచిపోవడానికి రచయితల అలసత్వమే కారణమని చెప్పడం తేలిక. ఇటువంటి సాంకేతిక కారణాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. అంకెల సంగతీ ఇటువంటిదే. యూనికోడ్‌లో తెలుగు అంకెలకు స్థానాలున్నాయి. వెబ్ పుటల కోసం రూపొందిన సీఎస్‌ఎస్ ప్రమాణంలో తెలుగు అంకెల జాబితా ఉంది. వర్డ్ ఫైళ్ల ప్రమాణంలోని సంఖ్యా రూపాల పట్టికలో మాత్రం హిందీ అచ్చులు, హల్లులు, అంకెలు ఉండగా తెలుగు లేదు. అ, ఆ, ఇ, ఈ అని ఉపవిభాగాలకు గుర్తులు పెట్టదలచినవారు చేత్తోనే పెట్టుకోవాలి. అప్పుడు ఏడవ విభాగం 'ఋ' కావాలా 'ఎ' కావాలా అన్న తగవు మన వర్ణమాలకే చెందినది; దానిని యంత్రం మీదికి నెట్టలేం.

పూరణార్థక రూపం కూడా ఆలోచించదగినది. జాబితా అమరికలో సంఖ్య తర్వాత 'వ అధ్యాయం' అని చేరిస్తే '2వ అధ్యాయం', '3వ అధ్యాయం' చక్కగా వస్తాయి. మొదటిది మాత్రం '1వ అధ్యాయం' అవుతుంది. తెలుగు వ్యవహారంలోని 'మొదటి' ఏ సూత్రం వల్లా రాదు. ప్రథమ, ద్వితీయ, తృతీయ, చతుర్థ అన్న రూపాలు ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు. వాటిని పట్టికలో చూసి వేయవలసిందే గాని ప్రత్యయం చేర్చి సాధించలేం.

వీటన్నింటికంటే గంభీరమైన ప్రశ్న ప్రాచీన గ్రంథాల పరిష్కరణలో ఎదురవుతుంది. నన్నయ రచన ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో 142వ పద్యంతో ఆగిందని సాహిత్య చరిత్రలు చెబుతాయి. శేషభాగాన్ని ఎఱ్ఱన నన్నయ పేరుమీదనే, రాజరాజనరేంద్రునికే అంకితంగా పూరించాడు. ఇద్దరు కవుల నడుమ హద్దు ఆశ్వాసాంతంలో లేదు. దానిని ప్రకటించే గద్య లేదు. ఆ హద్దుకు మనకున్న చిరునామా ఒక పద్య సంఖ్య. అచ్చుప్రతుల్లో ఒక పద్యం చేర్చినా, ఒక వచనాన్ని రెండుగా విడదీసినా ఆ తర్వాతి సంఖ్యలు జరిగిపోతాయి. అందుకే ఏ ముద్రణను అనుసరించారో చెప్పకుండా పద్య సంఖ్య ఇవ్వడం అసంపూర్ణమైన ఉదాహరణ. ఇటువంటి గ్రంథాన్ని స్వయంచాలక సంఖ్యలతో కూర్చితే, పరిష్కర్త ప్రక్షిప్తమని ఒక పద్యాన్ని అనుబంధానికి మార్చిన క్షణంలోనే 142 అన్నది 141 అవుతుంది. పాత వ్యాసాలలోని ఉదాహరణలన్నీ మరో పద్యాన్ని చూపుతాయి. రచనలో ఉన్న సిద్ధాంత గ్రంథానికి సంఖ్య మారగలగడం మేలు. స్థిరపడిన కావ్యానికి సంఖ్య ఒక చారిత్రక విషయం. అది పరిష్కర్త రాయవలసినదే గాని యంత్రం లెక్కించవలసినది కాదు.

సీస పద్యం మరో చిక్కు తెస్తుంది. ముద్రిత గ్రంథాలలో సీసానికీ దాని కింది గీతికీ కలిపి ఒకే సంఖ్య వేయడం ఆచారం. అదే తేటగీతి స్వతంత్రంగా వస్తే దానికి సొంత సంఖ్య ఉంటుంది. రెండు చోట్లా ముందుండే గుర్తు 'తే' ఒక్కటే. చదువరికి సందేహం కలగదు. పైన సీసం ఉందో లేదో చూస్తాడు. పేరా స్టైల్‌కు ఆ చూపు లేదు. స్వతంత్ర గీతికి ఒకటి, సీసాంత గీతికి ఒకటి చొప్పున రెండు స్టైళ్లు చేసుకొని, రెండవదానికి సంఖ్య లేకుండా చేయాలి. ఈ మాత్రం ఏర్పాటు లేకుండా కూర్చిన ప్రబంధంలో ప్రతి సీసం దగ్గర లెక్క ఒకటి చొప్పున పెరిగిపోతుంది.

గ్రంథ పాఠాల గుర్తింపు కోసం పండితులు రూపొందించుకొన్న టీఈఐ విధానంలో ఈ అవసరాలకు చోటుంది. అక్కడ ప్రతి విభాగానికీ పరిష్కర్త ఇచ్చిన సంఖ్యను ఉన్నదున్నట్లుగా నిలిపే లక్షణం ఉంది. విభాగం తలమీది శీర్షికకు ఒక గుర్తు ఉన్నట్లే, విభాగం చివర వచ్చే ముగింపు శీర్షికకు ట్రైలర్ అన్న ప్రత్యేకమైన గుర్తు ఉంది. ఆశ్వాసాంత గద్యకు సరిగా సరిపోయే స్థానం అదే. వర్డ్ ప్రాసెసర్లలోని హెడింగ్ స్టైళ్లు మాత్రం శీర్షిక ముందు వస్తుందనే భావించి నిర్మించినవి. గద్యకు హెడింగ్ స్టైల్ పెట్టి విషయసూచిక తయారు చేయిస్తే, అది ప్రతి ఆశ్వాసానికీ ఆ ఆశ్వాసం ముగిసిన పుట సంఖ్యను చూపుతుంది.